సొట్టపడని జీపు

కరీంనగర్ షోరూములో కొత్త బండిని కాదని, ముప్పై ఏళ్లనాటి జీపును ఆ కొత్తదాని ధరలో పదో వంతుకు కొన్న ఘనుణ్ని నేను. అమ్మినవాడు చెప్పిన రేటులో సగం దగ్గర మొదలుపెట్టి, స్టెప్నీ కూడా ఉచితంగా వేయించుకున్నాను. ఇలాంటి బేరం మా బజారులో ఇంకొకడు చేయలేడని నెల రోజులు చెప్పుకుని తిరిగాను.

మాది జమ్మికుంటలో ఇత్తడి, స్టీలు గిన్నెల దుకాణం. వేలి కణుపుతో కొట్టి రేకు మందం చెప్పడం మా ఇంటి విద్య. షోరూములోనూ కొత్త బండి బానెట్ మీద అలాగే కొట్టాను. డొల్లగా మోగింది.

"గుద్దుకుంటే ముందు భాగం నలిగేటట్టే చేస్తరు సార్," అన్నాడు సేల్స్‌మన్. "దెబ్బంత అదే తీసుకుంటది, లోపలోళ్లదాక రాదు. బెల్టులు, ఎయిర్‌బ్యాగులు ఉంటయి."

"నలిగేదానికి గిన్ని పైసలా? మా దుకాణంల సొట్టవోయిన గిన్నె సగం ధరకిస్తం."

"గిన్నెల మనం కూసోం గదయ్యా," అంది పక్కనున్న నా భార్య. వినపడనట్టు నటించాను.

జీపులో బెల్టులు లేవు. బిగిస్తానన్న మెకానిక్‌తో, ఇంత ఇనుముకు తాడు ఎందుకన్నాను.

ఒక వానాకాలం పొద్దున, గిన్నెల సామాను వేసుకుని నేనూ నా భార్యా ఉట్నూర్ వారం అంగడికి బయలుదేరాం. అడవి మలుపులో ఎడ్లబండిని దాటబోయి, నేను కుడివైపుకు వెళ్లాను. ఎదురుగా కొత్త బండి, షోరూములో చూసిన రకమే. అది నడిపేవాడూ నేనూ బ్రేకు తొక్కాం, అయినా బండ్లు ఆగలేదు, గుద్దుకున్నాయి.

దిగి చూశాను. వాళ్ల బండి మూతి అప్పడంలా నలిగిపోయింది. లోపల తెల్లటి సంచులు ఉబ్బి ఉన్నాయి. యువ దంపతులు తలుపు తీసుకుని నడిచి బయటికొచ్చారు. నా జీపు బంపరు వంగనైనా లేదు, ఒక లైటు మాత్రం పగిలింది. స్టీరింగు గుద్దుకుని నాకు ఊపిరాడటం లేదు గానీ నోరు ఆడుతోంది.

"చూసినవా తమ్మీ, ఇనుమంటే గిది! నా లైటు పైసలిచ్చి కదులు."

తప్పు నాదే. అతను వాదించలేదు. నేనే వాదిస్తూ పోయాను. చివరికి అతను నా భుజం పట్టుకుని జీపు వైపు తిప్పాడు.

"పైసల్దేముంది కాకా, ముందు గా అమ్మను చూడు!"

ఆమె సీట్లోనే కొంగుతో ముఖం ఒత్తుకుని కూర్చుని ఉంది. ముందు అద్దం ఒళ్లో ముక్కలై ఉంది.

జీపు ఒక్క తాళానికే స్టార్టయింది. ఆ బండిలోని అమ్మాయి నా భార్య తల పట్టుకుని వెనక కూర్చుంది. ఉట్నూర్‌లో కట్టు కట్టించి, కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

జీపుకు పోయినవి ఒక లైటు, ఒక అద్దం. ఆమెకు పోయినవి ఎడమ కన్ను, పైవరసలో రెండు పళ్లు. కన్ను ఆలస్యం వల్ల కాదు, దెబ్బకే పోయిందన్నాడు డాక్టరు. ఆ మాటతో నా భారమేమీ తగ్గలేదు. నేను రోడ్డు మీద వాదించినంతసేపూ ఆమెకు స్పృహ ఉంది. లైటుకు ఐదు వందలడిగి మూడు వందలకు దిగానట. నాకు గుర్తు లేదు, ఆమే చెప్పింది.