తీసేసిన మాట అడిగిన పిల్ల

దయ్యాల మాట నేనెప్పుడూ నమ్మలేదు. మా నాన్న వేటకెళ్లి సముద్రంలో ఏవేవో చూశానని చెప్తే, నిద్ర చాలక అలా అనిపించి ఉంటుందని తేల్చేసేదాన్ని. కిందటేడాది నాకు జరిగింది కూడా అలాగే తేల్చేద్దామని చూశాను. తేలలేదు.

మాది పోర్ట్‌బ్లెయిర్ పక్కన డాలీగంజ్. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం. మా అన్నయ్య రాంచీ వాళ్లమ్మాయిని చేసుకున్నాడు. ఛోటానాగపూర్ నుంచి కూలికొచ్చి స్థిరపడ్డ ఆదివాసీలను ఇక్కడ రాంచీ వాళ్లనే అంటారు. అన్నయ్య కూతుర్ని బడిలో రంగు చూసి, ముక్కు చూసి ఏడిపించేవారు. ఆ కోపంతోనే అలాంటి పిల్ల కథని పిల్లల కోసం నవలగా రాశాను. దీవుల్లో పిల్లలందరికీ అందాలని హిందీలో రాశాను.

అందులో ఒక్క మాట రాసి తీసేశాను. వదిన కొత్త కోడలిగా వచ్చిన రోజు మా అమ్మ వంటింట్లో ఆమె చేతికి టీ గ్లాసు ఇస్తూ నవ్వుతూ అన్న మాట అది. అప్పటికి వదినకి తెలుగు రాదు. అక్కడున్నది మేం ముగ్గురమే. తర్వాత మనవరాల్ని చంక దించకుండా పెంచింది మా అమ్మే. ఇప్పుడు ఆవిడ లేదు. వదిన చదివితే నొచ్చుకుంటుందని ఆ కాగితం ఎవరికీ చూపించకుండానే చించేశాను.

పుస్తకం విడుదల డాలీగంజ్‌లోనే ఒక హాల్లో, పగలే పెట్టాం. కుర్చీలు వేయించడం, పిల్లలకి లడ్డూలు పంచడం అంతా వదినే చూసింది. నేను చదవడం అయ్యాక మధ్య వరసలోంచి ఒక పిల్ల లేచింది. పదేళ్లుంటాయేమో. రెండు జడలు, ఆకుపచ్చ గౌను. అందరూ హిందీలో అడుగుతుంటే ఆ పిల్ల అచ్చం మా ఇంటి తెలుగులో అడిగింది.

"దీదీ, వంటింట్లో నాయనమ్మ అన్న మాట ఎందుకు తీసీసినావు?"

ఏదో చెప్పి దాటేశాను. కాసేపటికి చూస్తే గుమ్మం దగ్గర వదిన ఆ పిల్లకి లడ్డూ ఇచ్చి, వంగి ఏదో మాట్లాడుతోంది.

అంతే, నాకు అనుమానం పట్టుకుంది. ఆ రోజు వదినకి తెలుగు అర్థమైందేమో, ఇన్నేళ్లూ కడుపులో దాచుకుని ఇప్పుడు పిల్ల చేత అడిగించిందేమో అనుకున్నాను. ఇంట్లో ఆమె మామూలుగా ఉన్నకొద్దీ నాకు అనుమానం పెరిగింది.

తర్వాత డిగ్లీపూర్‌లో ఒక బడికి పిలిచారు. పొద్దున్నే బస్సెక్కితే చేరేసరికి సాయంత్రమైంది. వదిన నాతోనే వచ్చింది. దారి పొడుగునా ఆమె ఫోన్ మీదే నా కన్ను. ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు బడిలో అదే పిల్ల లేచింది. అదే గౌను. ఈసారి అమ్మ అన్న మాటే, అమ్మ యాసలోనే, పొల్లు పోకుండా చెప్పింది. చెప్పి కూర్చుంది. హాల్లో ఎవరూ ఉలిక్కిపడలేదు.

కార్యక్రమం అవగానే వదినని పక్కకి తీసుకెళ్లి, ఆ పిల్లని ఎందుకు తెచ్చావని నిలదీశాను. ఆమె తెల్లబోయింది. డాలీగంజ్‌లో ఆ పిల్లతో ఏం మాట్లాడావని అడిగితే, ఎవరి బిడ్డవని అడిగానంది. రాంచీ బస్తీ పిల్ల అనుకుందట. రెండుచోట్లా ఆ పిల్ల తమ సాద్రీ భాషలోనే మాట్లాడిందట. ఇందాక లేచి, కథలో పిల్ల వాళ్లమ్మ ఇప్పుడు బాగుందా అని అడిగిందట.

నేను నమ్మలేదు. మరి అమ్మ మాట దానికెలా తెలిసిందన్నాను.

"ఏ మాట?" అంది వదిన.

చెప్పక తప్పలేదు. "దీని కడుపున పుట్టినోళ్లు మనోళ్లెలాగవుతారు, అంది అమ్మ."

"నవ్వుతూ అన్నారు కదా. ఏదో మంచి మాట అనుకుని నేను కూడా నవ్వాను," అంది వదిన.

అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ టీ తెచ్చింది. ఆవిడ బెంగాలీ. ఆకుపచ్చ గౌను పిల్ల ఎవరని అడిగాను. తమ బడి పిల్ల కాదంది. బెంగాలీలో ఎంత ముద్దుగా అడిగిందో, మా వాళ్లలో ఎవరి పిల్లో కనుక్కోవాలి అని మురిసిపోయింది. బయట వెతికించాం. కనపడలేదు.

తిరుగు ప్రయాణంలో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇల్లు చేరేముందు మాత్రం, మళ్లీ అచ్చు వేస్తే ఆ మాట పెట్టేయమంది. పెట్టాను. బాంబూఫ్లాట్ బడిలో వదిన ఎదుటే ఆ మాట చదివాను. ఆ పిల్ల రాలేదు. ఆ తర్వాత ఎక్కడికీ రాలేదు.

ఒకే పిల్ల ఒకేసారి లేచి ముగ్గురికి మూడు భాషల్లో ఎలా వినపడిందో నాకు తెలీదు. ఎవరి పిల్ల అంటే అందరూ మా పిల్లే అనుకున్నారు. ఆ మాట తెలీదని వదిన నాతో అబద్ధం చెప్పిందని తేలితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పుడు ఆ మాట ఆమెకి మొదట అర్థమయ్యేలా చెప్పింది నేను కాదని అయినా అనుకోవచ్చు.