నా టీ బాగుండదని నేనే రాసిన బోర్డు

దోర్నాలలో నా టీ దుకాణానికి రెండు బోర్డులు. శ్రీశైలం నుంచి దిగేటోళ్ళకు "ఇక్కడ టీ బాగుంటుంది" అని కనపడుతుంది. మార్కాపురం నుంచి వచ్చేటోళ్ళకు "ఇక్కడ టీ బాగుండదు" అని కనపడుతుంది. రెండోది నా ఎకసెక్కం. ఆ పక్కనుంచి వచ్చే బండ్లే ఎక్కువ ఆగుతాయి. అంతా నా తెలివే అనుకున్నా.

మా అక్క కూతురు సువార్త బెంగళూరులో ఒక యాప్ కంపెనీలో ప్రొడక్ట్ మేనేజర్. సెలవుకొచ్చి పొద్దున నా దుకాణంలో కూర్చుంది. సాయంత్రం ఫోన్లో తన ప్రమోషన్ మీటింగు. యాప్‌లో తను ఆర్డర్ బటన్ మార్చినందుకే ఆర్డర్లు పెరిగినాయని అందులో చెప్పాల.

"మామా, ఆ బోర్డులు ఇటుది అటు మార్చి చూసినావా?"

"ఎందుకే?"

"ఊరికే, టెస్టు."

మార్చినాం. ముసురులో నల్లమల సగం మబ్బైపోయింది. ఆ ముసురులోంచి రెండు వైపుల బండ్లూ కలలో మాదిరి వచ్చి ఆగినాయి. అయినా మార్కాపురం వైపువే ఎక్కువ. ఘాట్ ఎక్కేముందు అందరూ టీ తాగుతారు, అంతే. బోర్డు ఎవరూ చదవనే లేదు.

నేను నవ్వినా. సువార్త నవ్వలే.

"యాప్‌లో నేను తొందరపడి ఇట్ల మార్చి చూడలేదు మామా. అది పండగల నెల. బటన్ మార్చకున్నా ఆర్డర్లు పెరిగేవేమో."

"చెప్పకుంటే ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెలిసింది గదా."

సాయంత్రం మీటింగులో అదే చెప్పేసింది. మళ్ళీ టెస్టు చెయ్యి, ప్రమోషన్ తర్వాత చూద్దామన్నారంట. వానలోకి చెయ్యి చాపి చానాసేపు కూర్చుంది, మొహం మాత్రం తేటగా ఉంది.

నాకే కొత్త దిగులు పట్టుకుంది. ఇన్నేళ్ళూ నా దుకాణంలో మీరు నవ్వింది నా జోకులు బాగున్నందుకా, లేక టీ ఇంకా చేతికి రాలేదని మొహమాటానికా? నిజం చెప్పండి.