నైరుతి మూల బావి

మార్కాపురం బస్టాండు ఎదుట ఇప్పుడు కింద సెల్‌ఫోన్ల షాపు, పైన లాడ్జి ఉన్న స్థలం ఒకప్పుడు మాది. తాత కాలంలో అది రేకుల షెడ్డు, నాయన కాలంలో స్లాబు వేసిన టిఫిన్ హోటలు. నాయన పోయాక అమ్మేశాం. లాడ్జి బోర్డు మీద డీలక్స్ అని ఉంటుంది. ఆ మాట నమ్మి దిగినవాళ్ళు పొద్దున్నే బకెట్లు పట్టుకుని ట్యాంకరు కోసం రోడ్డు మీద నిలబడతారు.

మా కాలంలో అక్కడ నీళ్ళకు కరువు లేదు. చుట్టుపక్కల ఎవరు బోరు వేసినా ఉప్పునీళ్ళే పడేవి. మా వంటింటి వెనక బావిలో మాత్రం తియ్యటి నీళ్ళు. కంభం బస్సు దిగినవాళ్ళు మా టీ తాగి నాయన చేతి రుచిని మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకోవాల్సింది బావిని. వ్యాపారస్తుడు కాబట్టి నాయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒక వేసవిలో నాయన కాళ్ళు వాచాయి. ఒంగోలు డాక్టరు కిడ్నీలు చెడిపోయాయన్నాడు. ఇంకొకరికి కూడా చూపిస్తే మంచిదని అమ్మ వాస్తు సిద్ధాంతిని పిలిపించింది. ఆయన రోగి వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా పెరట్లోకి పోయి దిక్సూచి పెట్టి, నైరుతిలో బావి ఉంటే యజమానికి ప్రాణగండమని తేల్చాడు. తాత ఆ నీళ్ళే తాగి ముసలితనం దాకా బతికాడు కదా అన్నాను. అమ్మ నన్ను బయటికి పొమ్మంది.

నాయన మంచంలోంచే అడ్డుపడ్డాడు. "ఆ నీళ్ళు లేకుంటే హోటలు ఎట్ల నడుస్తాది?"

"హోటలు పోతే ఇంకోటి పెట్టుకుందాం. నువ్వు పోతే ఏం పెట్టుకోవాల?" అంది అమ్మ.

నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి, పలకల ఫ్యాక్టరీ రాతిముక్కలతో బావి పూడ్చారు. ఈశాన్యంలో బోరు వేశారు. దిక్కు సరైనదే, నీళ్ళే ఉప్పు. పాలు విరిగేవి. రోజూ వచ్చే పలకల మేస్త్రీ ఒక గుక్క తాగి, "ఏంది అబ్బోడా, చక్కెర దొరకలేదా, ఉప్పేసినారు?" అన్నాడు. మర్నాడు రోడ్డు అవతల కొట్టులో కనిపించాడు. నన్ను చూసి గ్లాసు చాటుకు తిప్పుకున్నాడు. ఒక్కొక్కరే అటు మళ్ళారు. నాయన డయాలసిస్‌కు పోతూ వస్తూ ఖాళీ బల్లలు చూసేవాడు. చలికాలం రాకముందే పోయాడు.

పెద్దకర్మ భోజనాలు హోటల్లోనే పెట్టాం. చాలా రోజుల తర్వాత బల్లలన్నీ నిండాయి. అమ్మ వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పింది: "ఒక ఏడాది ముందే పూడ్చుంటే మనిషి దక్కేటోడు."

నేను సాంబారు బకెట్టు తీసుకుని పక్క బల్లకు పోయాను.

సిద్ధాంతి కూడా వచ్చాడు. ఆయనకు వడ్డించమంటే వడ్డించాను. గ్లాసులో నీళ్ళు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. బోరు నీళ్ళు ఆయనకు పడవట. బయటికి పోయి మంచినీళ్ళ క్యాన్ తెచ్చాను.