ఎంత తిప్పినా రెండుసార్లే

లెక్కల మేడమ్ చేతులు ఊరికే ఉండవు. బస్సులో టికెట్టు, క్లాసులో డస్టరు, భోజనాల దగ్గర ఖాళీ పళ్లెం, ఏది దొరికినా తిప్పుతుంది. ఒకే పని ఎన్నిసార్లు చేస్తే వస్తువు మొదటికొస్తుందా అని చూస్తుంది. ఆవిడ పరిశోధనంతా దాని మీదే. "అదీ ఒక ఉద్యోగమేనా తల్లీ!" అని అత్తగారు నవ్వేవారు.

ఆ ఆదివారం చదరపు దిండుకి గలీబు తొడుగుతూ మేడమ్ ఇక ఆగలేకపోయింది. "అత్తయ్యా, దీన్ని పావు చుట్టు తిప్పితే మొదటికి రావడానికి నాలుగుసార్లు పడుతుంది. కానీ మీకు నచ్చినంత తిప్పి, ఆపైన ఇలా బోర్లించండి. అదే పని ఇంకోసారి చేస్తే చాలు, మొదటికొచ్చేస్తుంది! ఇలా తిప్పి బోర్లించే పనులన్నీ కలిస్తే ఒక గుంపు, అలాంటి గుంపుని మా లెక్కల్లో కోసెట్ అంటాం. అందులో ఏదైనా రెండుసార్లే!" అత్తగారు నమ్మలేదు. దిండు మూలకి పిన్నీసు గుచ్చి, పావు చుట్టు తిప్పి బోర్లించారు. మళ్ళీ అదే చేశారు. పిన్నీసు మొదటి చోటికే వచ్చింది. అర చుట్టు తిప్పి చూశారు, ముప్పావు తిప్పి చూశారు. ఆయాసపడుతూనే, "ఇదేం విడ్డూరమే! ఒక్కటీ తప్పదేం?" అని కళ్ళజోడు సర్దుకుని, "ఎందుకలా?" అన్నారు. ఆ ఇంట్లో ఎవరైనా ఎందుకని అడగడం మేడమ్ ఇంతవరకూ వినలేదు. దిండుతో సహా అత్తగారిని కావలించుకుని పకపకా నవ్వేసింది. "ముందు ఎందుకో చెప్పు, తర్వాత నవ్వుదువుగాని!" అన్నారు అత్తగారు, దిండు వెనక నుంచి.