తరుగు తీసిన నవలలు

పొద్దున్న ఐదున్నర. నెబ్రాస్కాలో ప్లాట్ నది మీంచి వచ్చే గాలి చెవులు కోసేస్తోంది. అటు మంచూ కాదు, ఇటు వానా కాదు, రెంటికీ పుట్టిన బిడ్డలాంటిదేదో మొహాన కొడుతోంది. నాకు ఆకలి. మా ఆవిడ కట్టిచ్చిన క్యాబేజీ రొట్టెలు కోటు జేబులో వెచ్చగానే ఉన్నాయి కానీ అవి మధ్యాహ్నానివి. వాటి మీద చెయ్యేసుకుని, వాసన పీల్చుకుంటూ చక్కెర ఫ్యాక్టరీ గేటు దాటి కాటా గదిలోకి దూరాను. అక్కడ పొయ్యి ఉంటుంది. పొయ్యి పక్కన రైన్‌హోల్డ్ ఉంటాడు.

ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. తల ఎత్తకుండానే, "కూర్చో యాకోబ్. ఇప్పుడే ఒక రాజ్యం కూలిపోయింది" అన్నాడు.

ఎంతసేపు పట్టిందని అడిగాను.

"కాఫీ కాగినంతసేపు."

రైన్‌హోల్డ్ మా ఫ్యాక్టరీలో కాటా మనిషి. రైతులు లారీల్లో బీట్ దుంపలు తెస్తారు. లారీని కాటా మీద నిలబెట్టి తూచాలి. తర్వాత ఒక బుట్టెడు దుంపలు తీసి, మట్టి గోకి, ఆకు కోసి, ఈ లోడులో దుంపెంత, దుమ్మెంత అని తేల్చి తరుగు తీయాలి. నెబ్రాస్కా మొత్తంలో అంత నిర్దయగా తరుగు తీసేవాడు లేడని రైతులు చెప్పుకునేవారు. అది తిట్టు. అతను మెచ్చుకోలుగా తీసుకునేవాడు.

పుస్తకాల్లోనూ అతనిది అదే పద్ధతి. మూడు నెలలకోసారి పోస్టులో ఒక అట్ట పుస్తకం వచ్చేది. వెనకాల బంగారు గీతలు, లోపల నాలుగు నవలలు. పెద్ద పెద్ద నవలల్ని న్యూయార్కులో ఎవరో కూర్చుని కోసి, కుదించి, సర్ది పంపేవారు. వర్ణనలు ఉండవు. వాతావరణం ఒక్క ముక్కలో ఉంటుంది. చావాల్సినవాడు త్వరగా చస్తాడు. "బండెడు దుంపలు ఎవడైనా నములుతాడా? ఉడికించి, పిండి, మరగబెట్టి, చివరికి గుప్పెడు చక్కెర తీస్తాం. మిగిలింది పిప్పి. అది పశువులకి. నేను చక్కెర చదువుతాను" అనేవాడు.

ఆరో క్లాసు దాటనివాణ్ణి నేను. నాకు ఆ మాట చాలా గొప్పగా అనిపించేది.

మధ్యాహ్నం బాయిలర్ పక్కన అందరం చేరి రొట్టెలు విప్పితే అతను ఒక నవల విప్పేవాడు. రొట్టె అయ్యేలోపు నవల అయిపోయేది. అలా మేం యుద్ధాలు, వారసత్వాలు, ఓడ మునకలు, మూడు తరాల పగలు అన్నీ చూసేశాం. మా మేస్త్రీ అయితే బారులో కూర్చుని, నవలలన్నీ ఒకటేనని, చివరికి ఆస్తి మంచివాడికే వస్తుందని తీర్పు చెప్పేవాడు. ఒకసారి రైన్‌హోల్డ్ చర్చి మెట్ల మీద పాస్టరుగారిని ఆపి, ప్రసంగం మొదలూ బాగుంది, చివరా బాగుంది, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టేస్తే ఇంకా బాగుంటుందన్నాడు. పాస్టరుగారు నవ్వారు. తర్వాత చాలా ఆదివారాలు అతనితో చెయ్యి కలపలేదు.

ఇలాంటివాడికి నలభై ఆరో ఏట అమాలియా మీద మనసు పడింది.

అమాలియా కూడా మా వాళ్లే, రష్యాలో వోల్గా నది ఒడ్డు నుంచి వచ్చిన జర్మన్ల కుటుంబం. పెళ్లి కాలేదు. వదిన పోతే అన్న పిల్లల్ని పెంచింది, అన్నకి వండింది, కుట్టింది, కోళ్లు కోసింది. పిల్లలు పెద్దయ్యారు, అన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, కొత్త వదినకి వంటింట్లో రెండో మనిషి ఎక్కువైంది. ఇప్పుడు మా ఇంటికి రెండిళ్ల అవతల రెండు గదుల్లో ఉంటూ ఊళ్లోవాళ్లకి బట్టలు కుడుతుంది. మంగళవారం సాయంత్రం లైబ్రరీలో ఆడవాళ్ల చదువు గుంపుకి వెళ్తుంది.

మాలో ఒకరింటికి సాయంత్రం కబుర్లకి వెళ్లడానికి ఒక మర్యాద ఉంది. పిలవక్కర్లేదు, వెళ్లొచ్చు. వెళ్తే గిన్నెడు పొద్దుతిరుగుడు గింజలు ముందు పెడతారు. పళ్లతో ఒక్కొక్కటీ చిట్లించుకుని, పొట్టు గుప్పిట్లోకి ఊస్తూ, కాసేపు ఏమీ మాట్లాడకూడదు. తర్వాత వానలు, దుంపలు, మోకాళ్ల నొప్పులు. పొట్టు కుప్ప లేచాక గానీ అసలు విషయం ఎత్తకూడదు. ఇక పెళ్లి మాటైతే పెళ్లికొడుకు నోరే విప్పకూడదు. వెంట వచ్చిన పెద్దమనిషి విప్పాలి.

రైన్‌హోల్డ్ ఒక్కడే వెళ్లాడు. పైగా ఒలిచిన గింజలు తీసుకెళ్లాడు. బజార్లో గాజు సీసాలో అమ్ముతారే, పొట్టు తీసేసి, ఉప్పేసి, అవి. సీసా బల్ల మీద పెట్టి, కోటు విప్పకుండానే, నాకు ఇల్లుంది, నీకు పనితనం ఉంది, ఇద్దరికీ వయసైపోతోంది, మధ్యలో చెప్పుకోవడానికేముంది అన్నాడట. ఇది నాకు అతనే చెప్పాడు, గర్వంగా.

అమాలియా సీసా వైపు చూసి నవ్విందట. కాదనలేదు. "రైన్‌హోల్డన్నా, ఈ చలికాలం మేం ఒక నవల చదువుతున్నాం. అది చదివి మంగళవారం లైబ్రరీకి రా. మాట్లాడుకున్నాక చెప్తాను" అందట. మాలో ఊరందరికీ వరసలు కలిపే పిలుస్తారు. అన్నా అందని అతనేం బెంగపడలేదు.

నవల పేరు వినగానే అతని మొహం వెలిగిపోయింది. పిండిమర వాళ్ల కుటుంబం కథ. అది అతని దగ్గరున్న తాజా అట్ట పుస్తకంలో రెండో నవల. ఆడవాళ్లు చలికాలమంతా చదవాలనుకున్నదాన్ని ఒక్క షిఫ్టులో ఊదేశాడు. మర్నాడు మళ్లీ చదివాడు. పరీక్ష పేపరు ముందే దొరికిన పిల్లాడిలా ఈల వేసుకుంటూ తిరిగాడు. ఆ వారం తరుగు కూడా కొంచెం ఉత్సాహంగానే తీశాడని రైతులు ఏడ్చారు.

మంగళవారం నన్ను వెంట రమ్మన్నాడు. మా ఆవిడ కూడా ఆ గుంపులో ఉంది కాబట్టి వెళ్లాను. లైబ్రరీ నడిపే మిస్ ప్రిచర్డ్ మాకు తలుపు దగ్గర రెండు కుర్చీలు వేయించింది. ఆడవాళ్లందరి ఒళ్లోనూ ఇటుకల్లాంటి పుస్తకాలు. రైన్‌హోల్డ్ అవన్నీ చూసి జాలిగా నవ్వుకున్నాడు.

మొదట బాగానే నడిచింది. మర ఎందుకు తగలబడిందో అతను చెప్పాడు. చిన్నకొడుకు ఎందుకు తిరిగొచ్చాడో చెప్పాడు. మిస్ ప్రిచర్డ్ కూడా తలూపింది. అప్పుడు అమాలియా, ఎప్పుడూ నోరు విప్పనిది, తనకి అన్నిటికంటే డార్కస్ మేనత్త నచ్చిందని చెప్పింది. అందరూ పడుకున్నాక ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని పిల్లల మేజోళ్లు కుట్టే ఆ ఘట్టం రెండుసార్లు చదివానని, రెండుసార్లూ ఏడ్చానని మెల్లిగా చెప్పింది.

"ఏ మేనత్త?" అన్నాడు రైన్‌హోల్డ్.

"డార్కస్ మేనత్త."

"ఈ కథలో మేనత్త లేదమ్మా. నేను రెండుసార్లు చదివాను. ఇంకేదో పుస్తకంతో కలిపేసుకున్నావు."

గది చల్లబడింది. మా ఆవిడ నా వైపు చూసింది, మీవాడి నోరు మూయించు అన్నట్టు. నేను టోపీ చూసుకున్నాను. మిస్ ప్రిచర్డ్ తన ఇటుక తెరిచి అతని చేతికిచ్చింది. అందులో మేనత్త ఉంది. నాలుగు పేజీల పొడుగునా ఉంది. అతను నిలబడే చదివాడు. న్యూయార్కు వాళ్లు ఆవిణ్ణి వేళ్లతో సహా పీకేశారన్నమాట.

అక్కడ క్షమించమని అడిగి ఉంటే సరిపోయేది. కానీ అతని మొహంలో సిగ్గు బదులు సంతోషం వచ్చింది.

"చూశారా మరి? ఈవిడ లేకుండానే నేను కథంతా చదివాను. ఎక్కడా కుంటుపడలేదు. కోసినవాడెవడో గానీ పనిమంతుడు."

"ఆవిడ లేకపోయినా నడిచిందా?" అడిగింది అమాలియా.

"హాయిగా."

ఆమె చేతి తొడుగులు తీసుకుంది. ఒక్కొక్క వేలూ నింపాదిగా దూర్చుకుంది. "మా అన్న ఇల్లు కూడా ఇప్పుడు హాయిగానే నడుస్తోందట" అని, అందరికీ వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

దారిలో రైన్‌హోల్డ్ నన్ను అడిగాడు, ఆవిడకి కోపం ఎందుకొచ్చిందని. నేను అతని వైపు చూశాను. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. ఆవిడ అన్న పిల్లల్ని పెంచిన సంగతి నీకు తెలీదా అన్నాను. తెలుసన్నాడు. మా ఇంటి ముందుకొచ్చాక, "నేను చదివినదాంట్లో లేదుగా" అన్నాడు, సగం నాతో, సగం గాలితో.

మర్నాడు లైబ్రరీకి వెళ్లి ఆ ఇటుక తెచ్చుకున్నాడు. మొత్తం చదివి, మేనత్త గురించి ప్రతి ముక్కా తెలుసుకుని, అప్పుడు అమాలియా ఎదుట కూర్చుంటానన్నాడు.

అక్కణ్ణించి మాకు కష్టాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం రొట్టె విప్పి, ఏమైంది అని అడిగితే, "డార్కస్ మేనత్త బాతు ఈకలు పీకుతోంది" అనేవాడు. మర్నాడు కూడా అదే బాతు. ఆ మర్నాడు వాన. మా మేస్త్రీకి ఓపిక పోయింది. "చస్తుందా లేదా అది చెప్పు" అన్నాడు. ఇంకా తెలీదు, తొందరపడితే ఏదైనా తప్పిపోతుందేమో అన్నాడు రైన్‌హోల్డ్. మేం నెమ్మదిగా పేకాటలోకి దిగిపోయాం. పదేళ్లపాటు ప్రపంచ సాహిత్యం తిన్న మనుషులం, ఒక్క బాతు దగ్గర ఆగిపోయాం.

కాటా దగ్గర ఇంకా విడ్డూరం. బుట్టలో దుంప తీసి, కత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "ఈ పీచుని మట్టి కింద రాయాలా, దుంప కింద రాయాలా యాకోబ్?" అనేవాడు. లారీలు రోడ్డు దాకా బారు తీరేవి. తరుగు తగ్గింది. రైతులు మొదటిసారి అతనికి సాసేజీలు తెచ్చిపెట్టారు. పైవాళ్లు పిలిచి, కంపెనీ మట్టి కొనడం ఎప్పట్నుంచి మొదలెట్టిందని అడిగారు.

దుంపల సీజను ఆఖరికి, ఫిబ్రవరిలో, పుస్తకం అయింది. అతను స్నానం చేసి, ఇస్త్రీ కాలరు చొక్కా వేసుకుని, పొట్టుతో ఉన్న గింజలు సంచెడు కొని మా ఇంటికొచ్చాడు. ఈసారి అన్నీ పద్ధతిగా జరగాలి, పెద్దమనిషిగా నువ్వు రా అన్నాడు. నేను ఆదివారం కోటు వేసుకున్నాను.

అమాలియా గుమ్మం ముందు మగవాడి బూట్లున్నాయి. పిప్పి వాసన. మా ఫ్యాక్టరీ పిప్పిని పశువుల దొడ్లకి తోలే కోన్రాడ్ ఆ బూట్లు తప్ప ఇంకేవీ వేసుకోడని ఊరందరికీ తెలుసు. విత్తనాల పొట్లం మీది అక్షరాలు తప్ప ఇంకేవీ చదవడని కూడా తెలుసు.

రైన్‌హోల్డ్ బూట్లు చూశాడు. అయినా లోపలికి నడిచాడు.

అమాలియా గిన్నె పెట్టింది. నలుగురం కూర్చుని గింజలు చిట్లించాం. రైన్‌హోల్డ్‌కి అలవాటు లేదు. పొట్టు పెదవికి అంటుకునేది, పప్పు కింద పడేది. అయినా ఒక్క మాట ఎత్తలేదు. ఇటుక ఒళ్లో పెట్టుకుని, పొట్టు కుప్ప లేచేదాకా మర్యాదగా ఆగాడు. నేను వానల గురించి మాట్లాడాను. దుంపల గురించి మాట్లాడాను. మోకాళ్ల దాకా వచ్చి, ఇక అసలు మాటెత్తుదామని గొంతు సవరించుకున్నాను.

కోన్రాడ్ ముందే అనేశాడు. "మంచి సమయానికి వచ్చారన్నా. ఈస్టరు తర్వాత మా పెళ్లి. మీరిద్దరూ రావాలి."

గొంతులో మాటని నేను గింజతో పాటు మింగేశాను. రైన్‌హోల్డ్ ఒళ్లోని ఇటుకని పైకెత్తి చూపించాడు. తర్వాత కోన్రాడ్‌ని అడిగాడు, నువ్వు ఈ పుస్తకం చదివావా అని.

"నాకెక్కడ వస్తుందన్నా చదవడం. ఈవిడ చెప్పింది."

"మొత్తమా?"

"రోజూ కొంచెం. మేనత్త ఇవాళేం చేసింది అని అడిగేవాణ్ణి, చెప్పేది. నాకు పశువులకి మేత వేశాక పనేముంది."

"బాతు సంగతి కూడా?"

"అదే బాగుంది" అన్నాడు కోన్రాడ్.

అమాలియా లేచి రైన్‌హోల్డ్‌కి కాఫీ పోసింది. పుస్తకం అంతా చదివావటగా, మిస్ ప్రిచర్డ్ చెప్పింది, అంది. వెక్కిరింత లేదు ఆ మాటలో. అదే అతనికి ఎక్కువ తగిలిందనుకుంటాను. చదివానన్నాడు. చివర్లో మేనత్త పెట్టె సర్దుకుని ఇల్లు వదిలే చోట, కిటికీలో పూలకుండీకి నీళ్లు పోసి వెళ్తుంది కదా అన్నాడు. అవును, పోసి వెళ్తుంది అంది ఆమె. ఆ చలికాలమంతా అతను చదివింది ఆ ఒక్క మాట కోసం. అనేశాడు. కాఫీ తాగాం, వచ్చేశాం.

పెళ్లికి వచ్చాడు. రెండు రోజులూ ఉన్నాడు. తాగలేదు, నవలలు చెప్పలేదు. ముసలివాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల మోకాళ్ల కథలు చివరి దాకా విన్నాడు. ముసలివాళ్లకి అనుమానం వచ్చింది, మనిషికి ఒంట్లో బాగాలేదేమోనని.

తర్వాతి సోమవారం ఐదున్నరకి నేను కాటా గదిలోకి దూరాను. పొయ్యి చల్లగా ఉంది. బంగారు గీతల పుస్తకాలన్నీ అలమరలో వరసగా ఉన్నాయి. టోపీ కొక్కేనికి లేదు. లైబ్రరీ ఇటుక లేదు. దాన్ని తిరిగివ్వలేదని మిస్ ప్రిచర్డ్ తర్వాత చెప్పింది, అడగబోనని కూడా చెప్పింది. కిటికీలో ఎప్పుడూ ఎండిపోయి ఉండే కుండీ మట్టి తడిగా ఉంది. అందులో మొక్క చచ్చి రెండేళ్లయింది.

బయట కాటా మీద కోన్రాడ్ పిప్పి లారీ ఆగి హారన్ కొడుతోంది. తూచేవాడు లేడు. నేను కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం రొట్టెలు విప్పి, అప్పుడే తినేశాను.