మార్చినా అన్న మాట

పదమూడేళ్ళు ఒక మాటను మోశాను. నిన్నటివరకు దాన్ని ఎవరి ముందూ విప్పలేదు. మీకు మొదటినుంచీ చెబుతాను.

1975 నవంబరు. నంద్యాలలో నాది ఇంజన్లు బాగుచేసే షాపు. ఆళ్లగడ్డ ఆసామి ఒకరు, దూరాన కృష్ణానది మీద జనాన్ని దాటించే తన పడవ మోటారును తెచ్చారు. గేరు జారుతోంది. విప్పి చూస్తే గేరు పట్టించే ముక్కకు ఒకవైపు పళ్ళు అరిగి గుండ్రబడ్డాయి. పడవను ముందుకు నడిపేవి అవే. రివర్సు వైపు పళ్ళు మేలుగా ఉన్నాయి. కొత్త ముక్క కోసం మద్రాసుకు రాశాను. గురువారం ఇస్తానన్నాను. గురువారానికి అది రాలేదు.

ఆరేళ్ళ నా డైరీలో ఒక్క వాయిదా తప్పలేదు. ఆ వరుస చెడడం ఇష్టంలేక పాత ముక్కనే తిప్పి పెట్టాను: మంచి పళ్ళు ముందుకు, అరిగినవి రివర్సుకు. రివర్సు ఎంతసేపు వాడతారులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అనుకోవడానికి ఒక సాకు వెతుక్కున్నానా? డైరీలో మాత్రం ‘ముక్క మార్చడమైనది’ అని రాశాను.

పదోరోజున పడవ రేవు చేరుతూ రాతికి కొట్టుకుంది. ఒక ముసలామె కాలు విరిగింది. రివర్సు వేసి పడవను ఆపలేదని, దాన్ని నడిపే దానియేలును ఆసామి పనిలోంచి తీసేశారు. అతడు బస్సెక్కి నా షాపుకు వచ్చాడు.

“గేరు ఏసినానన్నా. పట్టలేదు. ఊర్లో నన్ను రేవు గుద్దినోడు అంటాండారు,” అని నవ్వబోయాడు. “నువ్వు ముక్క మార్చినావు గదా?”

“మార్చినా.”

“కొత్తది ఏసినాక యాడ జారతాది? నా చెయ్యే తప్పింటాది లేన్నా.”

వైపు మార్చడమూ మార్చడమే కదా, అబద్ధమాడలేదు కదా అని ఇన్నేళ్ళూ ఆ మాట చాటున దాగాను. అతడు ‘కొత్తది’ అన్నప్పుడైనా కాదనాల్సింది. అనలేదు. మోటారు మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఆలోగా అందిన మద్రాసు ముక్కను బిగించి, పాతదాన్ని తుక్కులో కలిపేశాను.

పోయిన నెల ఆళ్లగడ్డలో దానియేలు భార్య కనిపించింది. ఒక రైతు ట్రాక్టరు తోలమని పిలుస్తున్నా, తన చేతిని నమ్మలేనని ఆయన కూలికే పోతున్నాడట. నేను తీసుకున్నది అతని పని ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. పాత ముక్కనే తిప్పి పెట్టానని, గేరు పట్టకపోవడం అతని తప్పు కాదని నిలబడే చెప్పాను. ఆసామికీ ఇదే చెప్పబోతున్నానన్నాను. దానియేలు కూర్చోమనలేదు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

అతడు కుడిచేతిని ముందుకు చాపి చాలాసేపు చూసుకున్నాడు. నేను గడప దాటుతుండగా లోపల భార్యను అడుగుతున్నాడు:

“ఆ ట్రాక్టరాయప్ప ఇంకా ఎవర్నీ పెట్టుకోలేదు గదా?”