ఓబయ్య కాటా

నాలుగు కిలోల బొచ్చెచేపను చంపకుండా కొలిచి, తూచి, మళ్లీ గుంటలో వదలడం ఓబయ్య తొలి విజయం. అంతకుముందు ఆ చేప ఆయన చెంపలు రెండూ వాయించి, పంచె ఊడదీసి, ఒకసారి నీళ్లలోకి కూడా లాక్కుపోయింది. అయినా ఆయన పట్టు వదల్లేదు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల చేపలు పెంచేవాళ్లు చాలామందే ఉన్నారు. చేప ఒళ్లు చేసిందో లేదో దాని ప్రాణం తీయకుండా తేల్చిన మొనగాడు మాత్రం ఆయనొక్కడే!

తక్కినవాళ్లు చేపను కోసి, కొవ్వు చూసి, పులుసు పెట్టుకుంటారు. ఓబయ్య తడిగుడ్డతో దాని కళ్లు కప్పుతాడు. చేప తన్నుకోవడం మానేస్తుంది. తడిపలక మీద పొడవు కొలిచి, గుడ్డ ఉయ్యాలలో కాటాకు వేలాడదీసి, "ఇంత పొడుగుకి ఈ బరువు చాల్లేదు, మేత పెంచల్ల" అని తీర్పు చెప్పి వదిలేస్తాడు.

"చేపల గుంట ఉండే ఇంట్లో దినాము వంకాయేనా?" అంటుంది భార్య కమలాక్షమ్మ.

"అవి నాకు సంగతులు చెప్పేటివి మే. తింటే ఎవురు చెప్తారు?"

ఈ ఎండాకాలం ఆయనతో వల లాగే దావీదుకు దగ్గు పట్టుకుంది. ఆసుపత్రి మాటెత్తితే దావీదు మీదికొస్తాడు. సరిగ్గా అప్పుడే ఓబయ్య పాక దూలానికి పెద్ద కాటా కట్టి, వచ్చినవాళ్లనల్లా ఉయ్యాల ఎక్కించడం మొదలుపెట్టాడు. బావమరిది నరసింహ కళ్ల మీద కూడా తడి తువాలు పడింది.

"నేనేమన్నా చేపనా బావా?"

"చేపైతే ఇంత అరవదు. కదలాకు! పొట్ట తగ్గించల్ల నువ్వు."

కమలాక్షమ్మకు తల కొట్టేసినట్టయింది. "దోస్తు దగ్గి దగ్గి చస్తాంటే ఉయ్యాలాటలు ఆడతాండావా? సిగ్గులేదా?"

"వాన్నొక్కన్నే ఎక్కమంటే ఎక్కుతాడా మే? వాని రోషం నీకు తెలీదా? ఊరంతా ఊగితే వాడూ ఊగుతాడు."

ఆమె కొంగు దోపుకుని తనూ ఉయ్యాల ఎక్కింది.

మరునాడు దావీదు నవ్వుతూ ఎక్కాడు. ఆరడుగుల మనిషి. ముల్లు చూసి చుట్టూ ఉన్నవాళ్ల నవ్వు ఆగిపోయింది.

"యాడ నిలిచిందప్పా?"

"నీకన్నా నీ వలే బరువుండాది. రేపు నంద్యాలకు పోతాండాం."

"నేను రాను."

"రాకుంటే తడిగుడ్డ కప్పి ఎత్తుకపోతా."

దావీదు నవ్వాడు, దగ్గాడు, తల ఊపాడు.

నంద్యాల ఆసుపత్రిలో అది క్షయ అని తేలింది. మందులు పడుతున్నాయి, నయమవుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మంచం పక్కన తోడున్నది ఓబయ్యే. గుంటకు మేత వేసే పని ఇప్పుడు కమలాక్షమ్మది. ఎవరైనా అడిగితే ఆమె తల ఎత్తి మరీ చెబుతోంది: ఇద్దరూ జూన్ పద్దెనిమిదిన వస్తారని.